గేదె పాలకు నురుగు రాకపోతే ఫ్రాదర్‌ను తప్పుపట్టకండి

ఒంగోలులో మా ఇంటికి వాడుకగా వచ్చేవి చిక్కటి గేదె పాలు. కాఫీలో పోసే పాలను చిలికి నురుగు తెప్పించే చిన్న బ్యాటరీ పరికరం ఫ్రాదర్. దాన్ని కొన్న తొలి వారమంతా ఈ పాలనే చిలికాను. నురుగు లేచినట్టే లేచి, కప్పులో పోసేలోపు కూలిపోయేది. మోటారు బలహీనమనుకుని మరొకటి కొనబోయాను కూడా. లోపం పాలను వాడే తీరులో ఉంది.

సమస్య: నురుగు నిలవడం లేదు

గాలి బుడగల చుట్టూ పొరలా అల్లుకుని నురుగును నిలబెట్టేవి పాలలోని ప్రొటీన్లు. ఆ పొరను తెంపేది కొవ్వు. గేదె పాలలో అది సుమారు 6 నుంచి 7 శాతం. టోన్డ్ పాలలో 3, డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతం ఉంటుంది. పాలు చల్లగానూ వేడిగానూ కాక నడిమి స్థితిలో ఉన్నప్పుడు కొవ్వు కొంత గట్టిగా, కొంత కరిగి ఉండి కణాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. కవ్వంతో వెన్న తీసేవారు కోరుకునేది అదే, మనకు చేటు చేసేదీ అదే. వేసవిలో నెల్లూరు వంటింటి గట్టు మీద ఉంచిన పాలు దాదాపు ఆ స్థితిలోనే ఉంటాయి.

పరిష్కారం: కాచి చల్లార్చిన పాలను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, మీగడ తీసి, వడకట్టండి. తర్వాత 60 నుంచి 65 డిగ్రీల వరకే వేడి చేయండి. థర్మామీటర్ లేకపోతే, గిన్నెను తాకగలిగి, పట్టుకుని ఉండలేని వేడి చాలు. పొంగు వచ్చేదాకా ఉంచితే మళ్లీ మీగడ కడుతుంది. కోల్డ్ కాఫీకైతే ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే చిలకండి. తీసిన మీగడ నెయ్యికి పనికొస్తుంది, పారేయకండి.

సమస్య: సబ్బు నురుగులా పెద్ద బుడగలు

చివరిదాకా ఫ్రాదర్ తలను పైపైనే తిప్పడం వల్ల ఇలా అవుతుంది. మొదటి పది సెకన్లు పాల మట్టానికి కాస్త కింద ఉంచి గాలి ఎక్కించండి, తర్వాత లోపలికి దించండి. చివర గిన్నెను గట్టు మీద రెండుసార్లు తట్టి, గుండ్రంగా తిప్పితే బుడగలు సన్నబడతాయి. పొడవాటి స్టీలు గ్లాసులో మూడో వంతు పాలే పోస్తే చిందవు.

నిన్నటిదాకా బాగా వచ్చిన నురుగు నేడు రాకపోతే గ్లాసుకు నూనె జిడ్డో, సబ్బో అంటి ఉందేమో చూడండి. పని కాగానే ఫ్రాదర్‌ను వేడినీళ్లలో ఒకసారి తిప్పితే చాలు. తీగల మధ్య పాలు ఎండితే వాసన వదలదు.

మోటారు నెమ్మదిస్తే ముందు బ్యాటరీలు మార్చండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బ్యాటరీ కొసలు తగిలే రేకులు చిలుము పడతాయి. బ్యాటరీలు తీసి, నిమ్మరసం అద్దిన దూదితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.

సమస్య: నురుగు బాగుంది, కాఫీ మాత్రం పలచగా ఉంది

డికాషన్ రెండోసారి దించినదై ఉంటుంది. మొదటి డికాషన్‌లోనే చక్కెర కలిపి, నురుగును గరిటెతో ఆపి పాలు పోసి, ఆపైన నురుగు వేయండి.