సోమశిల వైపు వెళ్తున్నారా? తుఫాన్ల నెలల్లో జాగ్రత్తలు

పెన్న వెలిగొండలను చీల్చుకుని నెల్లూరు జిల్లాలోకి దిగేది సోమశిల దగ్గరే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ గండి వెంట వెళ్లేవాళ్లు ఇవి చూసుకోండి.

– మీ నెత్తిన ఎండ కాస్తోందని ఏట్లోకి దిగొద్దు. ఇక్కడికి వచ్చే వరద ఇక్కడి వానది కాదు, కడప, చిత్తూరు కొండల్లో కురిసింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఆ నీళ్లన్నీ పెన్నలో కలిసి సోమశిలకే వచ్చాయి. బయల్దేరే ముందు సోమశిల డ్యామ్ గేట్లు ఎత్తారేమో కనుక్కోండి. సైరన్ వినపడితే సంచీ కోసం, బండి కోసం వెనక్కి పోకుండా ముందు గట్టెక్కండి.

– చప్టా మీద నీళ్లు పారుతూ రోడ్డు కనపడకపోతే ఆగిపోండి. అడుగు లోతు ప్రవాహం చాలు, చిన్న కారు తేలిపోతుంది. అంచులు కోసుకుపోయినా పైకి తెలియదు. ముందు బస్సు వెళ్లిందని మీరు వెళ్లొద్దు.

– ఇసుక తవ్విన గుంటల్లో నీళ్లు నిలిచి ఉంటాయి. పైకి మోకాలి లోతులా కనిపించినా పిల్లల్ని దించొద్దు.

– ఇసుకలో బండి ఆపి రాత్రి పడుకోవద్దు.

– రెండు కొండల మధ్య పొద్దు తొందరగా వాలుతుంది. మూడు గంటలకల్లా తిరుగుముఖం పట్టండి.

– కొండ మలుపుల్లో సిగ్నల్ పోవచ్చు. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పండి. పెట్రోలు ఆత్మకూరులోనే పోయించుకోండి.