డేటానా, క్లినికల్ రీసెర్చా? 3వ పాఠం: ఉద్యోగాన్ని పనులుగా విడగొట్టడం

పోయిన పాఠంలో రెండు ఉద్యోగ ప్రకటనలు ప్రింట్ తీసుకోమన్నాను, డేటా వైపుది ఒకటి, క్లినికల్ (కొత్త మందుల్ని మనుషులపై పరీక్షించే ట్రయల్స్) వైపుది ఒకటి. అవి ముందేసుకుని, పెన్ను పట్టుకుని కూర్చోండి. ఉత్తినే చదివితే ఈ పాఠం పనికిరాదు.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ డెమో క్లాసుకు వెళ్లినా ఓ మాట చెవిన పడుతుంది: "ఏఐతో ఐటీ ఉద్యోగాలు పోతాయి, క్లినికల్ అయితే సేఫ్." పక్క బిల్డింగులో ఇదే తిరగేసి చెబుతారు. రెండూ ఫీజు కట్టించుకోవడానికి చెప్పే మాటలే. ఆటోమేషన్ ఒక రంగం మొత్తాన్ని ఒక్కసారి మింగేయదు. అందులోని పనుల్ని ఒక్కొక్కటిగా పట్టుకుపోతుంది. అందుకే ఉద్యోగం పేరు కాసేపు మరిచిపోయి, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమేం చేస్తారో ఒక్కో పని ఒక్కో లైన్‌లో రాయండి.

ఇప్పుడు ప్రతి లైన్‌కీ మూడు ప్రశ్నలు వేయండి. చేతికొచ్చే సమాచారం ప్రతిసారీ ఒకే మూసలో ఉంటుందా? ఎవరికీ ఫోన్ చేయకుండా, ఎవరినీ కలవకుండా పని పూర్తవుతుందా? తప్పు జరిగితే "సంతకం ఎవరిది?" అని అడిగేవాళ్లున్నారా? మొదటి రెండింటికి అవునని, మూడోదానికి లేదని వస్తే ఎర్ర చుక్క పెట్టండి, అది మెషిన్‌కి పోయే పని. మూడూ తిరగబడితే పచ్చ చుక్క, అది మనిషి చేతిలో మిగిలే పని. అటూ ఇటూ అయితే పసుపు.

క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్‌తో, అంటే ట్రయల్ వివరాల్లో తప్పుల్లేకుండా చూసే పనితో మొదలుపెడదాం. ఆసుపత్రిలో కోఆర్డినేటర్ వివరాలు ఎక్కించారు. రక్త నమూనా తీసింది 11న, ట్రయల్‌లో చేరడానికి ఒప్పుకుంటూ పేషెంట్ కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టింది 12న. సిస్టమ్‌లో ముందే రాసిపెట్టిన ఎడిట్ చెక్ (తప్పుల్ని పట్టే రూల్) దీన్ని క్షణంలో పట్టేస్తుంది, "ఇది సరిచూడండి" అనే క్వెరీ ఆసుపత్రికి దానంతటదే వెళ్తుంది. ఏఐ రాకముందు నుంచీ జరుగుతున్నదే ఇది. పట్టుకోవడం వరకు ఎర్ర చుక్క.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. అది టైపింగ్ పొరపాటా, లేక నిజంగానే సంతకానికి ముందు సూది గుచ్చారా? టైపింగే అయితే దిద్దుబాటు ఒక్క నిమిషం పని. రెండోది అయితే పేషెంట్ హక్కుకే దెబ్బ. ప్రోటోకాల్ (ట్రయల్ ఎలా నడపాలో రాసిన ప్రణాళిక) తప్పిన డీవియేషన్‌గా రాయాలి, పేషెంట్ల హక్కుల్ని కాచే ఎథిక్స్ కమిటీకి చెప్పాలి, మళ్లీ అలా జరగకుండా సిబ్బందికి ట్రైనింగ్ ఇవ్వాలి. ఏది నిజమో తేలాలంటే ఒకరు ఫైలు తెరిచి, ఫారం మీద పేషెంట్ చేత్తో వేసిన తేదీ, ల్యాబ్ చీటీ మీది టైమ్ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సును అడగాలి. అది పచ్చ చుక్క. ఒకే క్వెరీలో రెండు రంగులు. మొదటి సగం చూసుకుని జీతం తీసుకునేవాళ్లకు టెన్షన్ న్యాయమైనదే.

ట్రయల్ జరిగే ఆసుపత్రులకు (సైట్లకు) తిరిగి రికార్డులు తనిఖీ చేసే మానిటర్ ఉద్యోగం మాత్రం పూర్తిగా పచ్చ అనుకోకండి. ట్రయల్స్‌కి అంతర్జాతీయంగా పాటించే ఐసీహెచ్ మార్గదర్శకాలు 2016 సవరణ నుంచే రిస్క్ ఎక్కువున్న చోట ఎక్కువ చూడండనే దారి పట్టాయి. 2025 జనవరిలో ఖరారైన వాటి కొత్త రూపం ఈ6 ఆర్3 కూడా అదే దారిలో ఉంది. ప్రతి అంకెనూ కాగితంతో సరిపోల్చే ప్రయాణాలు తగ్గుతాయి. డాక్టరుతో కూర్చుని గొడవ తేల్చే ప్రయాణాలు మిగులుతాయి.

ఫార్మకోవిజిలెన్స్ అంటే మందుల దుష్ప్రభావాలపై నిఘా. అందులో కేసు ఎక్కించడం, ఒకే కేసు రెండుసార్లు వచ్చిందేమో చూడడం, మెడ్‌డ్రా (వైద్య పదాల ప్రామాణిక జాబితా) కోడ్ వెతకడం ఎరుపు. నెరేటివ్, అంటే ఏం జరిగిందో కథలా రాయడం ఇప్పటికి పసుపు. మందు వల్లే అయిందా అన్న తీర్పు పచ్చ, ఎందుకంటే అక్కడ డాక్టర్ సంతకం ఉంటుంది. మన దేశపు 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్‌లో తీవ్రమైన ప్రతికూల ఘటన జరిగితే ఇన్వెస్టిగేటర్ (ట్రయల్ నడిపే డాక్టర్) 24 గంటల్లో తెలియజేయాలి. ఇలాంటి గడువులు ఉండబట్టి కంపెనీలు మొదటి భాగాన్ని మెషిన్‌కి అప్పగించాలని తొందరపడతాయి. చివరి సంతకం మాత్రం వదలవు.

ఇక క్లినికల్ సాస్, అంటే సాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ట్రయల్ డేటాను విశ్లేషించే పని. 2016 డిసెంబర్ 17 తర్వాత మొదలైన ట్రయల్స్ డేటాను అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎస్‌డీటీఎం, ఆడమ్ లాంటి ప్రామాణిక రూపంలోనే అడుగుతోంది. ఆ నిబంధనతో ఇక్కడ చాలామందికి పని దొరికింది. అన్ని కంపెనీల డేటా ఒకే మూసలోకి వచ్చింది కాబట్టి ఇప్పుడు మెషిన్‌కీ అదే పని సులువైంది. స్పెక్ (ఏ డేటా ఏ రూపంలో రావాలో రాసిన కాగితం) చూసి కోడ్ కొట్టడం ఎరుపు వైపు జారుతోంది. ప్రోటోకాల్ చదివి స్పెక్ రాయగలిగినవాళ్ల దగ్గరికి ఇంకా రాలేదు.

డేటా ప్రకటన తీయండి. ఎస్‌క్యూఎల్‌లో డేటాబేస్ నుంచి వివరాలు లాగే క్వెరీ రాయడం, పవర్ బీఐ అనే రిపోర్ట్ టూల్‌లో నెలవారీ రిపోర్ట్ చేయడం ఎరుపు, ఇందులో వాదనే లేదు. కానీ ఒక బట్టల షాపు రిపోర్ట్ ఊహించుకోండి. 2025 సెప్టెంబర్ అమ్మకాలు 2024 సెప్టెంబర్ కంటే బాగా పెరిగాయని గ్రాఫ్ చూపిస్తోంది. ఓనర్ సంబరపడి రెండో బ్రాంచికి అడ్వాన్స్ ఇవ్వబోతున్నాడు. 2024లో దసరా అక్టోబర్ 12న, 2025లో అక్టోబర్ 2న వచ్చింది. బతుకమ్మ చీరల కొనుగోళ్లు పది రోజులు ముందుకు జరిగి సెప్టెంబర్‌లో పడ్డాయి. రెండు నెలలూ కలిపి చూస్తే తప్ప పెరిగిందో లేదో తెలియదు. అడిగితే మెషిన్ కూడా ఈ లెక్క వేసిపెడుతుంది. అడగాలని తట్టడం, ఓనర్‌కి మొహం మీద చెప్పడం పచ్చ చుక్కలు.

అవకాశాల సంగతికొస్తే, హైదరాబాద్‌లో ఈ రెండు దారులూ ఒకే గేటు దగ్గర కలుస్తున్నాయి. మందుల కంపెనీల్లో నోవార్టిస్ ఎప్పటినుంచో ఇక్కడ ఉంది. బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ 2024లో, ఆమ్‌జెన్ 2025లో ఇక్కడే కేంద్రాలు తెరిచాయి. బీఫార్మసీ చదివి ఎస్‌క్యూఎల్ రాయగలిగినవాళ్లకు రెండు వైపులా తలుపు ఉంటుంది. నా మటుకు నేను ఫార్మసీ చదివినవాళ్లను అది వదిలేసి మొత్తంగా డేటాలోకి దూకమని చెప్పను.

ఇబ్బందల్లా మొదటి మెట్టుతోనే. ఎర్ర చుక్క పనులే ఫ్రెషర్లకు ఇస్తారు. వాటిని మెషిన్ చేస్తే పచ్చ పనులు నేర్చుకునేదెక్కడ? అందుకే ఇంటర్వ్యూలో జీతంతో పాటు ఒకటి అడగండి: "ఏడాది తర్వాత నాకు ఏ పని అప్పగిస్తారు?" జవాబులో పని పేరు వస్తే రాసుకోండి. "గ్రోత్ ఉంటుంది" అని ఊరుకుంటే అదీ రాసుకోండి.

ఈ వారం పని: రెండు ప్రకటనలకూ చుక్కలు పెట్టి, ఏ పని రోజులో ఎంతసేపు పడుతుందో పక్కన వేయండి. చుక్కల సంఖ్య ముఖ్యం కాదు, గంటలు చూడాలి. ఆ రంగంలో ఉన్న సీనియర్ ఎవరికైనా మీ కాగితం చూపించి గంటలు సరిచేయించుకోండి. 4వ పాఠంలో పసుపు చుక్కల్ని తీసుకుని, ఒక్కోదాన్ని పచ్చ వైపు లాగడానికి ఏం నేర్చుకోవాలో చూద్దాం.