ఇంటి కంప్యూటర్‌కు యాంటీవైరస్: పైసలు కట్టి కొనాలా, ఉచితంగా ఉన్నది సరిపోతుందా?

నల్లగొండలోనో, పాలమూరులోనో కొత్త కంప్యూటర్ కొన్నా, పాతదానికి ఫార్మాట్ కొట్టించినా, బిల్లు రాసే ముందు దుకాణంలో ఒక ప్రశ్న తరచూ ఎదురవుతుంది: “సార్, యాంటీవైరస్ కూడా ఏయమంటరా?” అక్కడికక్కడే జవాబు చెప్పాల్సి రావడంతో కొందరు భయపడి సరే అంటారు, మరికొందరు ఖర్చెందుకని వద్దంటారు. ఈ జవాబు ఆ కంప్యూటర్ స్థితిని బట్టి, దాన్ని వాడే మనుషులను బట్టి తేలాలి తప్ప, ఆ రోజు దుకాణంలో ఏ పెట్టె ఉందన్నదాన్ని బట్టి కాదు. నా అభిప్రాయం ముందే చెబుతాను: అసలైన విండోస్ ఉండి, అప్‌డేట్లు సమయానికి పడుతున్న ఇంటి కంప్యూటర్‌కు అందులో ముందే ఉన్న డిఫెండర్ అనే యాంటీవైరస్ సాధారణంగా సరిపోతుంది. కొనవలసిన ఇళ్లు కూడా కొన్ని ఉన్నాయి. మీది వాటిలో ఒకటో కాదో తేల్చుకునే పద్ధతి కింద రాస్తున్నాను.

చాలామంది గమనించని విషయం, యాంటీవైరస్ లేని విండోస్ అంటూ ఇప్పుడు లేదు. విండోస్ 7 కాలంలో మైక్రోసాఫ్ట్ వారి ఉచిత యాంటీవైరస్‌ను విడిగా దింపుకోవలసి వచ్చేది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి అది డిఫెండర్ పేరుతో విండోస్‌లోనే కలిసి వస్తోంది. తొలి రోజుల్లో దానికి అంత మంచి పేరు లేకపోయినా, ఇప్పుడు జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ వంటి పరీక్షా సంస్థల ఫలితాల్లో అది డబ్బు కట్టి కొనేవాటి సరసనే నిలుస్తోంది. ఏవీ-టెస్ట్ వారు రక్షణకు 6, కంప్యూటర్ వేగం తగ్గకుండా ఉన్నందుకు 6, మంచి ఫైళ్లను వైరస్ అని తప్పుగా పట్టుకోకుండా ఉన్నందుకు 6, మొత్తం 18 మార్కులు వేస్తారు. ఈ ఫలితాలు వారి వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఒక్క నెల మార్కులు చూసి ఊరుకోకుండా వరుసగా ఏడాది పాటు వచ్చినవి చూస్తే ఏది నిలకడగా ఉందో అర్థమవుతుంది.

కొనాలా వద్దా అని ఆలోచించే ముందు మీ విండోస్ ఏదో చూసుకోండి. స్టార్ట్ దగ్గర ఉన్న వెతికే పెట్టెలో విన్‌వర్ (winver) అనే మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుని విండోస్ పేరు, వెర్షన్ చూపిస్తుంది. విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 8.1కు 2023 జనవరి 10న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 10 ఉన్నవారు విడిగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందే ఏర్పాటు ఉంది. మద్దతు లేని విండోస్ మీద ఎంత ఖరీదైన యాంటీవైరస్ వేసినా లోపల ఉన్న లోపాలు అలాగే ఉంటాయి. 2017 మే నెలలో ప్రపంచమంతా పాకిన వాన్నాక్రై అనే వైరస్ దీనికి మంచి ఉదాహరణ. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. దాన్ని వేసుకోని కంప్యూటర్లే దానికి చిక్కాయి. అందువల్ల ఏడాదికి యాంటీవైరస్ మీద పెట్టాలనుకున్న సొమ్ము పాత కంప్యూటర్‌ను విండోస్ 11కు తగినట్టు మార్చుకోవడానికి పనికివస్తుందేమో ముందు లెక్క వేసుకోవాలి.

రెండో పరీక్ష కొంచెం ఇబ్బందికరమైనదే అయినా తప్పదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరవండి. డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయిందని ఉంటే సాధారణంగా ఇబ్బంది లేదు. మీ సంస్థ యాక్టివేషన్ సర్వీసు ద్వారా యాక్టివేట్ అయిందని ఉంటే మాత్రం, ఆఫీసు వారు ఇచ్చిన కంప్యూటర్ అయితే తప్ప, ఎవరో క్రాక్, అంటే లైసెన్స్ లేకుండానే నడిపించే దొంగ ప్రోగ్రాము, వేశారని అనుమానించాలి. ఇంటి కంప్యూటర్‌కు ఏ సంస్థ ఉంటుంది? ఇలాంటి క్రాక్‌లు వేసేటప్పుడు డిఫెండర్ అడ్డు చెబుతుంది కాబట్టి, దాన్ని ఆపడమో, కొన్ని ఫోల్డర్లను తనిఖీ చేయవద్దని దానికి చెప్పడమో మామూలుగా జరిగే పని. తెలుగు డీటీపీ (అచ్చుకు పేజీలు కూర్చే) పని కోసం పాత పేజ్‌మేకర్, ఫాంట్ల ప్యాకేజీలు దొంగ కాపీలుగా వేయించుకున్న కంప్యూటర్లలో కూడా ఇదే జరుగుతుంది.

దీన్ని మీరే చూసుకోవచ్చు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి, కిందికి జరిపితే ఎక్స్‌క్లూజన్స్ అనే జాబితా వస్తుంది. మీరు పెట్టుకోకుండానే అక్కడ ఏదైనా ఫోల్డర్ పేరు కనిపిస్తే, ముఖ్యంగా సీ డ్రైవ్ మొత్తం ఉంటే, అది ముందు దర్వాజకు తాళం వేసి దొడ్డి దర్వాజ బార్లా తెరిచినట్టే. వాటిని తీసివేసి పూర్తి స్కాన్ పెట్టండి. క్రాక్‌ల అలవాటు మానుకోకుండా పైసలు కట్టి యాంటీవైరస్ కొన్నవారు, అది క్రాక్‌ను పట్టుకున్న ప్రతిసారీ దాన్నే ఆపుతుంటారు. వారికి ఆ ఖర్చు పూర్తిగా దండగ.

మన జిల్లాల్లో ఇంటి కంప్యూటర్‌కు జబ్బు అంటుకునే దారుల్లో జిరాక్స్ సెంటర్‌కు పోయివచ్చిన పెన్‌డ్రైవ్ ఒకటి. డిగ్రీ ప్రవేశాల దోస్త్ దరఖాస్తు ప్రింటో, ఎప్‌సెట్ (పాత ఎంసెట్) హాల్‌టికెటో తీసుకోవడానికి ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ను ఇంటికి తెచ్చి పెడితే, లోపల ఫోల్డర్లన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి కానీ ప్రతి ఫోల్డర్ బొమ్మకు ఎడమ వైపు కింది మూలన చిన్న బాణం గుర్తు ఉంటుంది, సైజు ఒకటి రెండు కేబీలకు మించదు. అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్‌లు. వాటి మీద రెండుసార్లు నొక్కితే వైరస్ నడుస్తుంది. అసలు ఫోల్డర్లు అందులోనే దాగి ఉంటాయి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద హిడెన్ ఐటమ్స్ టిక్ చేస్తే మసక రంగులో కనిపించవచ్చు, అప్పటికీ కనిపించకపోతే సిస్టమ్ ఫైళ్లను దాచే ఐచ్ఛికాన్ని కూడా ఫోల్డర్ ఆప్షన్స్‌లో తీసివేయాలి. ఇలాంటి పాత రకం వైరస్‌లను డిఫెండర్ సులువుగానే పట్టుకుంటుంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే తెరవకుండా, దాని మీద కుడి క్లిక్ చేసి స్కాన్ చేయించే అలవాటు ఉంటే చాలు. ప్రింటు పనికి ఫైలును ఫోన్ నుంచి మెయిల్‌లో పంపితే ఆ బాధ కూడా ఉండదు.

ఇక డబ్బు కట్టినప్పుడు అదనంగా ఏమి వస్తుందో చూద్దాం. ఒకే కంపెనీ ఉచితంగా ఇచ్చేదానికీ, అమ్మేదానికీ వైరస్‌లను పట్టుకునే ఇంజిన్ చాలావరకు ఒకటే ఉంటుంది. తేడా అంతా పక్క సౌకర్యాల్లో ఉంటుంది: పిల్లలు చూసే సైట్ల మీద అదుపు, వీపీఎన్ (ఇంటర్నెట్ రాకపోకలను ఇతరులు చూడకుండా దాచే సౌకర్యం), పాస్‌వర్డ్‌లు దాచే పెట్టె, బ్యాంకింగ్ కోసం విడి బ్రౌజర్, ఒకే కీతో (యాక్టివేట్ చేసే నంబరుతో) మూడు నాలుగు కంప్యూటర్లు, ఫోన్లకు రక్షణ, ఇబ్బంది వస్తే మాట్లాడే మనిషి. వీటిలో మీరు నిజంగా వాడేవి ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. వీపీఎన్ ఎందుకో తెలియని ఇంటికి వీపీఎన్ ఉన్నందుకు ఎక్కువ ధర కట్టడం అర్థం లేని పని. పేర్లు వేరుగా ఉన్నంత మాత్రాన కంపెనీలు వేరు అనుకోవద్దు. నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవిరా ఈ నాలుగూ ఇప్పుడు జెన్ డిజిటల్ అనే ఒకే సంస్థ కిందివి. మన దేశపువి కావాలనుకునేవారికి పుణెకు చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కే7, ముంబైకి చెందిన ఈస్కాన్ ఉన్నాయి.

బయటి కంపెనీలు ఇచ్చే ఉచిత యాంటీవైరస్‌కు కూడా ఏదో రూపంలో ఖరీదు ఉంటుంది. కొనమని పదే పదే తెర మీదికి వచ్చే ప్రకటనలు ఒక రకం ఖరీదు అయితే, మీ బ్రౌజింగ్ వివరాలు మరో రకం. అవాస్ట్ తన వినియోగదారుల బ్రౌజింగ్ వివరాలను అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందన్న అభియోగం మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో కోటీ 65 లక్షల డాలర్లు కట్టించింది. ఉచితంగానే ఉండాలనుకునేవారికి డిఫెండర్‌ను తీసి మరో ఉచితదాన్ని వేసుకోవలసిన అవసరం నాకు కనిపించదు.

కొనవలసిన ఇల్లు ఎలాంటిది? ఇంట్లోని కంప్యూటర్‌లోనే దుకాణం లెక్కలు, మిర్యాలగూడ వైపు మిల్లుల టాలీ ఖాతాలు, ఆడిటర్‌కు పంపే జీఎస్‌టీ ఫైళ్లు ఉంటే అది పేరుకే ఇంటి కంప్యూటర్. ఉచిత యాంటీవైరస్‌లలో చాలావాటి షరతుల్లో సొంత వాడకానికే తప్ప వ్యాపారానికి కాదని స్పష్టంగా రాసి ఉంటుంది. అక్కడ కొనడం న్యాయం కూడా, క్షేమం కూడా. పిల్లలు ఆటల కోసం ఏది పడితే అది దింపే ఇల్లు, ఊళ్లో తల్లిదండ్రులు వాడుతుంటే కొడుకో కూతురో హైదరాబాద్ నుంచి చూసుకోవలసిన ఇల్లు కూడా ఇందులోకే వస్తాయి. ఆ వయసు వారికి ఏ హెచ్చరిక నిజమైనదో, ఏది మోసమో ఫోన్‌లో చెప్పే మనిషి ఒకరుంటే దానికి విలువ ఉంది. మరోవైపు 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్ మీద బరువైన ప్యాకేజీ వేస్తే అది తెరుచుకోవడానికే నిమిషాలు పడుతుంది. ఆ పైసలతో పాత హార్డ్ డిస్క్ బదులు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేయించుకుంటే కంప్యూటర్ తేలికవుతుంది.

కొనాలని తేల్చుకుంటే పెట్టె మీద ఉన్న ఎంఆర్‌పీని పట్టించుకోకండి. అదే సరుకు ఆన్‌లైన్‌లో, దుకాణంలో, కంపెనీ సైట్‌లో ఎంతకు అమ్ముతున్నారో పోల్చి, రెండో సంవత్సరం ధర ఎంతో తప్పక అడగండి. మొదటి ఏడాది తగ్గింపు ఇచ్చి, పొడిగించేటప్పుడు ఎక్కువ తీసుకోవడం ఈ వ్యాపారంలో సాధారణం. పెట్టెలోని కీ ఇంతకు ముందు గీకి ఉండకూడదు, జీఎస్‌టీ బిల్లు మీ పేరు మీద ఉండాలి, కీని మీ మెయిల్‌తోనే నమోదు చేయించాలి. దుకాణదారు తన మెయిల్ పెడితే మరుసటి ఏడాది ఆయన దగ్గరికే పోవలసి వస్తుంది. కార్డుతో కట్టినప్పుడు దానంతట అదే పొడిగింపు జరిగే ఏర్పాటు ఉంటే గుర్తుంచుకోండి: రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం అలా డబ్బు పోయే 24 గంటల ముందు మీకు సందేశం రావాలి. ఆ సందేశాన్ని చదవకుండా తోసేయకండి, వద్దనుకుంటే ఆలోపే ఆపేయవచ్చు.

కొత్తది వేసే ముందు, ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చి గడువు తీరిన ట్రయల్ ఏదైనా ఉంటే దాన్ని పూర్తిగా తీసివేయాలి. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడిస్తే ఒకదాని పనిని మరొకటి అనుమానించి కంప్యూటర్‌ను నిలబెట్టేస్తాయి. మామూలుగా తీసినా పోకపోతే ఆ కంపెనీయే ఇచ్చే తొలగింపు సాధనాన్ని వారి సైట్ నుంచి దింపుకోవాలి. తీసిన తరువాత విండోస్ సెక్యూరిటీ తెరిచి డిఫెండర్ మళ్లీ పని మొదలుపెట్టిందో లేదో చూడటం మరిచిపోవద్దు.

ఏమీ కొననివారు చేయవలసిన పని పదిహేను నిమిషాలది. రియల్ టైమ్ ప్రొటెక్షన్, క్లౌడ్ డెలివర్డ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ మూడూ ఆన్‌లో ఉండాలి. యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో అనవసర యాప్‌లను అడ్డుకునే మీటను వేయండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌ను ర్యాన్సమ్‌వేర్ అంటారు; ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద ఉండే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ మొదట ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే మీ డాక్యుమెంట్లను, ఫొటోలను గుర్తు తెలియని ప్రోగ్రాములు మార్చలేవు. అయితే కొన్ని లెక్కల, డీటీపీ ప్రోగ్రాములు కూడా సేవ్ కాకుండా ఆగవచ్చు, అప్పుడు ఆ ప్రోగ్రామును అనుమతించిన జాబితాలో చేర్చాలి.

ర్యాన్సమ్‌వేర్ ఒకసారి ఫైళ్లకు తాళం వేసిన తరువాత ఉచితమైనదీ, కొన్నదీ రెండూ చేయగలిగింది తక్కువ. పెళ్లి ఫొటోలు, పాస్‌బుక్ స్కాన్‌లు, పిల్లల మెమోలు ఒక బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, పని అయిపోగానే దాన్ని ఊడదీసి బీరువాలో పెట్టుకోవాలి. కంప్యూటర్‌కు తగిలించి ఉంచితే అది కూడా తాళం పడుతుంది. ఇంట్లో యాంటీవైరస్‌కో, ఈ డిస్క్‌కో ఒక్కదానికే పైసలు ఉంటే నేను డిస్క్‌నే కొనమంటాను.

బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటూ ఫోన్ చేసి, తెర చూపించే యాప్ వేయించి, ఓటీపీ అడిగే మోసాన్ని యాంటీవైరస్ ఆపుతుందని నమ్ముకోవద్దు, ఎందుకంటే అక్కడ అనుమతి ఇచ్చేది మీరే. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ ఆ సొమ్మును ఖాతాల్లో నిలిపివేయడం కష్టమవుతుంది. కంప్యూటర్‌కే ఏదో పట్టిందన్న అనుమానం ఉంటే, విండోస్ సెక్యూరిటీలోని స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ ఆగి, విండోస్ తెరుచుకోకముందే తనిఖీ మొదలవుతుంది కాబట్టి దాక్కున్న వైరస్‌లు తప్పించుకోవడం కష్టం. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లోనూ వైరస్ తొలగింపు సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. ఇవి వాడినా లక్షణాలు పోకపోతే ఫైళ్లను మాత్రమే కాపీ చేసుకుని, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దింపిన విండోస్‌తో ఫార్మాట్ చేయించి, మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లను ఆ పని ముగిసేలోపు వేరే ఫోన్ నుంచి మార్చుకోవాలి.