హైస్కూల్లో కంప్యూటర్ పాఠాల ప్లాన్ వేసే ముందు

ముందు ల్యాబ్‌లోకి వెళ్లి ఒక్కో సిస్టమ్ ఆన్ చేసి చూడండి. రిజిస్టర్‌లో 10 ఉన్నా, పనిచేసేవి 6 ఉంటే గొప్ప. 40 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడ్. అందరూ కుదురుకునేసరికే పది నిమిషాలు పోతాయి. పీరియడ్‌కి ఒక్క చిన్న పనే పెట్టుకోండి, వీలైతే రెండు పీరియడ్లు కలిపి ఇవ్వమని హెడ్మాస్టర్‌ని అడగండి.

నెట్‌ని నమ్ముకోవద్దు. స్క్రాచ్ (దిమ్మెలు జోడించి ప్రోగ్రామ్ చేసేది), పైథాన్ (టైప్ చేసి రాసే ప్రోగ్రామింగ్ భాష) రెండూ ఉచితమే, నెట్ లేకుండా నడుస్తాయి. సెలవుల్లోనే పెన్‌డ్రైవ్‌తో ఎక్కించుకోండి.

2020 జాతీయ విద్యా విధానం కోడింగ్‌ని 6-8 తరగతుల్లోనే మొదలుపెట్టమంది. అలాగని తొమ్మిదికి వచ్చినవాళ్లందరికీ వచ్చేసిందనుకోకండి.

పైథాన్‌లో లైన్ మొదట్లో వదిలే ఖాళీల దగ్గర కాస్త ఆగాలి. ఇఫ్ (if, షరతు పెట్టే) లైన్ చివర కోలన్ (:) పెట్టి, కింది లైన్‌ని లోపలికి జరపాలి. ఒకే ఫైల్లో ఒకడు ట్యాబ్ కొడతాడు, పక్కవాడు స్పేస్ కొడతాడు. ఎర్రర్ వస్తుంది, ఇద్దరూ మన వంక చూస్తారు! నా క్లాసులో దీనికే వారం పట్టింది. ఆ వారాన్ని ప్లాన్‌లో ముందే రాసుకోండి.

కరెంటు పోయే రోజుకి కాగితం పని ఒకటి ఉంచుకోండి. పేర్ల చీటీలను అక్షర క్రమంలో పేర్చి, ఎన్నిసార్లు పోల్చారో లెక్కపెట్టమంటే చాలు.

పదో తరగతికి జనవరి తర్వాత ఏమీ పెట్టొద్దు. పబ్లిక్ పరీక్షల టెన్షన్‌లో ల్యాబ్ వైపు ఎవరూ రారు.