అమ్మ ఇల్లు మళ్లీ నిండకుండా ఏం చేశామంటే

రెండేళ్ల కిందట సంక్రాంతికి ముందు నేనూ తమ్ముడూ మూడు రోజులు సెలవు పెట్టి గుంటూరులో అమ్మ ఇల్లు ఖాళీ చేశాం. అటక మీది డబ్బాలు, పాత పేపర్లు, మూతల్లేని స్టీలు గిన్నెలు, నాన్న చెప్పులు... రెండు ట్రాలీ ఆటోల సామాను పోయింది. దసరాకి వెళ్తే మంచం కింద మళ్లీ కవర్లు, ఖాళీ సీసాలు! కోపమొచ్చి అరిచాను. అమ్మ ఒక్కటే అడిగింది: "నన్నడక్కుండా మీ నాన్న చెప్పులెందుకు పారేశారే?" నా దగ్గర జవాబు లేదు.

వస్తువులు వదల్లేకపోవడం మరీ ముదిరితే దాన్ని హోర్డింగ్ డిజార్డర్ అంటారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం వాళ్ల మానసిక జబ్బుల పుస్తకం డీఎస్ఎం-5లో దీన్ని విడి జబ్బుగా చేర్చారు. అమ్మది అది కాదని డాక్టరుగారు చెప్పారు. కానీ ఆ జబ్బుకిచ్చే కౌన్సెలింగ్‌లోని పద్ధతి మాకు పనికొచ్చింది: ఏది ఉంచాలో ఏది తీయాలో ఆ మనిషే తేల్చుకోవాలి, కొత్తవి లోపలికి రావడమూ తగ్గాలి.

ఇప్పుడు ఆదివారం ఆదివారం అలమరాలో ఒక్క అరే తీస్తాం. ఒక్కో వస్తువూ అమ్మ చేతికిస్తాను. ఓసారి నాన్న మఫ్లర్ పట్టుకుని పావుగంట కూర్చుంది. దారాలు ఊడిన అంచుని వేలితో నిమిరి, "ఇది ఉంచు, ఆ స్వెటర్లు ఎవరికైనా ఇచ్చెయ్" అంది. మా మూడు రోజుల చాకిరీ కంటే ఆ పావుగంటే ఎక్కువ పని చేసింది.

కవర్లకి తలుపు వెనక ఒక్కటే సంచీ. అది నిండితే పాత సామాన్ల అతనికి. కొత్త గిన్నె కొంటే పాతది వేసెయ్యాల్సిందే. 14 నెలలైంది, మంచం కింద చీపురు ఆ చివరిదాకా పోతోంది.