అమెరికా ఎన్నికల్లో టికెట్ ఎవరిస్తారు?

మన దగ్గర టికెట్ అంటే అధిష్ఠానం మాటే. బి-ఫారం ఎవరి చేతికొస్తే వాళ్లే అభ్యర్థి. ఇక్కడ అమెరికాలో ఆ పని మామూలు ఓటర్లు చేస్తారు. నవంబరు ఎన్నికకు నెలల ముందే ప్రైమరీ పేరుతో ఇంకో ఎన్నిక జరుగుతుంది. ఒకే పార్టీవాళ్లు అందులో తమలో తాము పోటీపడతారు, గెలిచినవాళ్లకే టికెట్. పెద్ద నాయకుడైనా మినహాయింపు లేదు. 2014లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల మెజారిటీ లీడర్ ఎరిక్ కాంటర్, వర్జీనియాలో పెద్దగా పేరులేని ఎకనామిక్స్ ప్రొఫెసర్ డేవ్ బ్రాట్ చేతిలో ప్రైమరీలోనే ఓడిపోయారు. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ కూడా 2018లో మేరీలాండ్‌లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సీటుకు డెమొక్రాటిక్ పార్టీ ప్రైమరీ దాటలేకపోయారు. 2022లో అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా (గవర్నరు తర్వాతి పదవి) గెలిచారు.

రూల్స్ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి. టెక్సస్‌లో ఓటరు నమోదులో పార్టీ ఊసే ఉండదు. ప్రైమరీ రోజు ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెప్పి తీసుకోవచ్చు, కానీ ఒక్కటే. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ పోటీ. న్యూయార్క్‌లో మాత్రం ఆ పార్టీలో పేరు నమోదైనవాళ్లకే ప్రైమరీ ఓటు. కాలిఫోర్నియాలో అధ్యక్ష పదవి మినహా పెద్ద పదవులకు అందరూ ఒకే బ్యాలెట్‌లో ఉంటారు. మొదటి ఇద్దరూ ఒకే పార్టీవాళ్లయినా నవంబరులో వాళ్లిద్దరే తలపడతారు. ఒక పార్టీకే బలమున్న ఊళ్లో నా లెక్కలో అసలు ఎన్నిక ప్రైమరీయే.

అధ్యక్ష పదవికి రాష్ట్రాల ప్రైమరీల్లో, కాకస్‌లలో (పార్టీవాళ్లు సమావేశమై తేల్చుకునే పద్ధతి) డెలిగేట్లను, అంటే అభ్యర్థిని ఎంపిక చేసే ప్రతినిధులను, గెలుచుకోవాలి. వేసవిలో జరిగే పార్టీ కన్వెన్షన్ అభ్యర్థిని ఖరారు చేస్తుంది. నవంబరులో మొదటి సోమవారం తర్వాతి మంగళవారం పోలింగ్. దేశమంతటా సెలవేమీ ఉండదు, ఆఫీసుకు వెళ్లాల్సిందే. గెలుపును తేల్చేవి రాష్ట్రాలవారీగా పంచిన ఎలక్టోరల్ ఓట్లు. మొత్తం 538లో 270 రావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప ప్రతి రాష్ట్రంలోనూ ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకే ఆ రాష్ట్రం ఎలక్టోరల్ ఓట్లన్నీ దక్కుతాయి. అందుకే 2016లో హిల్లరీ క్లింటన్ దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువ తెచ్చుకుని కూడా ఓడిపోయారు.

ఇక ఇక్కడున్న మనవాళ్ల సంగతి. హెచ్‌1 (ఉద్యోగ), ఎఫ్‌1 (చదువు) వీసాలవాళ్లకే కాదు, గ్రీన్‌కార్డు ఉన్నా ఫెడరల్ ఎన్నికల్లో ఓటు లేదు. డ్రైవింగ్ లైసెన్సుకు వెళ్లినప్పుడు ఓటరుగా నమోదు చేయాలా అని అడగడం మామూలే. తొందరలో అవునని సంతకం పెట్టేయకండి. రేపు సిటిజన్‌షిప్ దరఖాస్తులో ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అని అడుగుతారు. సిటిజన్‌నని తప్పుగా చెప్పిన కేసు దేశం నుంచి పంపించేదాకా పోవచ్చు.

విరాళాలతోనూ జాగ్రత్త. తెలిసినవాళ్లు ఫండ్‌రైజింగ్ డిన్నరుకు పిలుస్తారు, మొహమాటం వస్తుంది. గ్రీన్‌కార్డువాళ్లు సొంత డబ్బు ఇవ్వొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లు స్కూల్ బోర్డు అభ్యర్థికి కూడా ఒక్క డాలరు ఇవ్వకూడదు, వేరేవాళ్ల పేరుతో ఇవ్వడం ఇంకో నేరం. జీతం తీసుకోకుండా ప్రచారంలో వాలంటీరుగా పనిచేయడానికి మాత్రం ఎన్నికల చట్టం అభ్యంతరం చెప్పదు.