ఫోను బిల్లు లెక్కల్లో ముందుగా విడదీయవలసినవి

ఫోను ఖర్చు మీద ఇచ్చిన లెక్కలో అంకెలు కనబడగానే గుణకారానికి దిగకుండా, వాడినా వాడకపోయినా చెల్లించవలసిన స్థిర రుసుమును, వాడకాన్ని బట్టి పెరిగే ఖర్చును ముందుగా రెండు వరుసల్లో విడివిడిగా రాసుకోండి. ఉదాహరణకు నెలసరి రుసుము 150, మొదటి 100 నిమిషాలు ఉచితం, ఆపైన నిమిషానికి 2 చొప్పున, మొత్తం బిల్లు 230 వచ్చిందనుకుందాం. ఎన్ని నిమిషాలు మాట్లాడారన్నది ప్రశ్న. 230 నుంచి 150 తీసివేస్తే 80, దానిని 2తో భాగిస్తే 40. చాలామంది పిల్లలు అంతవరకు చక్కగా చేసి, అక్కడే ఆగిపోయి మార్కులు పోగొట్టుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఆ 40 ఉచిత పరిమితి దాటిన నిమిషాలు మాత్రమే కాబట్టి వాటికి 100 కలపాలి, జవాబు 140. ఆ 140తో బిల్లును మొదటి నుంచి మళ్ళీ కట్టి, 230 వస్తోందో లేదో చూసుకోండి.

నిమిషంలో కొంత భాగాన్ని కూడా పూర్తి నిమిషంగానే లెక్కిస్తారని ప్రశ్నలో ఉంటే, కాల్స్‌ను ముందే కలపకూడదు. 3 నిమిషాల 10 సెకన్ల కాల్స్ రెండింటికి ఒక్కొక్కటి 4 చొప్పున 8 నిమిషాలవుతాయి గాని, రెండింటినీ ముందే కలిపి, ఆ 6 నిమిషాల 20 సెకన్లను పూర్తి నిమిషాలుగా లెక్కిస్తే వచ్చే 7 కావు.